ఏడో తరగతి పిల్లలకు ఇల్లు, వీధి, ఊరు ఎలా రూపుదిద్దుకుంటాయో చెప్పాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

లంకల_సోషల్_టీచర్
మాది గోదావరి లంకల పక్క ఊళ్లో జిల్లా పరిషత్ హైస్కూలు. ఆరు నుంచి ఎనిమిది వరకు సోషల్ చెబుతాను. శనివారం మధ్యాహ్నాలు ప్రాజెక్టు పనికి వదిలారు. ఏడో తరగతి వాళ్లను "మీకు నచ్చిన ఇల్లు చేసుకురండి" అన్నాను. సగానికి పైగా ఫ్యాన్సీ షాపులో దొరికే థర్మోకోల్ ఇళ్లు వచ్చాయి. మిగిలినవి అమ్మానాన్నలు రాత్రి కూర్చుని అతికించినవి. పోనీ బొమ్మ గీయమంటే అందరిదీ ఒకటే: రెండు కొండలు, మధ్యలో సూర్యుడు, ఏటవాలు ఎర్ర కప్పు, దాని మీద పొగగొట్టం. మా ఊళ్లో కొండ లేదు, పొగగొట్టం ఉన్న ఇల్లూ లేదు.

నాకు కావలసింది వేరు. తాము ఉండే ఇల్లు, నడిచే వీధి, ఎదురుచూసే బస్టాపు అలా ఉండాలని ఎవరో ఒకరు నిర్ణయించారని, దాన్ని మార్చమని అడిగే హక్కు తమకూ ఉందని పిల్లలకు తెలియాలి. ఆర్కిటెక్చర్ కోర్సుకు కోచింగ్ కాదు. డబ్బు దాదాపు లేదు. మీలో ఎవరైనా పిల్లలతో ఇలాంటి పని చేసి ఉంటే చెప్పండి.

మేస్త్రీ_గారబ్బాయి
థర్మోకోల్ పక్కన పెట్టి ఒక బస్తా ముగ్గుపొడి తెప్పించండి. మా నాన్న తాపీమేస్త్రీ, నేను సివిల్ డిప్లొమా చేసి సైట్ల మీద ఉంటాను. ఏ ఇల్లైనా మొదలయ్యేది నేల మీద ముగ్గు పోయడంతోనే. పిల్లల చేత గ్రౌండ్‌లో అసలు కొలతలతో ఒక ఇల్లు ముగ్గు పోయించండి.

కాలనీల్లో ఇచ్చే సెంటు స్థలం తీసుకోండి. సెంటు అంటే 435.6 చదరపు అడుగులు, 48.4 గజాలు. 18 అడుగులకు 24 వేస్తే 432 వస్తుంది, చాలు. మూలలు సరిగ్గా రావాలంటే తాడుకు సమాన దూరంలో ముడులు వేసి 3, 4, 5 భాగాల భుజాలతో త్రిభుజం పట్టమనండి. లెక్కల మాస్టారిని కూడా గ్రౌండ్‌లోకి పిలవండి, పైథాగరస్ అక్కడే అయిపోతుంది. తర్వాత గదులు పిల్లలే పంచుకోవాలి. మంచం ఆరడుగులకు నాలుగు, దాన్నీ గీయాలి, ఒకళ్లు అందులో పడుకుని చూడాలి. తలుపు తెరిస్తే మంచానికి తగులుతుందా? గ్యాస్ బండ ఎక్కడ? సైకిలు ఎక్కడ? కాసేపటికే వాదనలు మొదలవుతాయి. ఆపకండి, మీకు కావలసింది అవే.

పెంకుటింటి_మనవరాలు
పైన మేస్త్రీ గారబ్బాయి చెప్పింది పెద్దవాళ్లకు కూడా చేయించాలి. మా పిన్ని వాళ్లు ప్లాను కాగితం మీద చూసి "వంటిల్లు బ్రహ్మాండం" అన్నారు. గృహప్రవేశం అయ్యాక ఫ్రిజ్ హాల్లో టీవీ పక్కన కాపురం పెట్టింది, ఇప్పటికీ అక్కడే ఉంది.

విశాఖ_ఆర్కిటెక్ట్_అక్క
నేను ప్రాక్టీసు చేస్తూనే వీలున్నప్పుడు బళ్లకు వెళ్తుంటాను. ముగ్గు ఆలోచన నాకు చాలా నచ్చింది. దానికి ముందు ఒక మెట్టు వేయండి. పిల్లలు ముందు తమ ఒంటిని కొలుచుకోవాలి. జాన ఎన్ని అంగుళాలు, మూర ఎంత, మామూలు అడుగుల్లో పది వేస్తే ఎంత దూరం. నోటు పుస్తకం అట్ట మీద రాసుకుంటే ఇక టేపు లేకుండా ఊరంతా కొలవచ్చు.

రెండోది బడి మెట్లు. మెట్టు ఎత్తును రెండుతో గుణించి, కాలు మోపే వెడల్పు కలిపితే సుమారు 24 నుంచి 25 అంగుళాలు రావాలి. ఆరున్నర ఎత్తు, పదకొండు వెడల్పు అయితే 24. ఈ లెక్క తప్పిన మెట్ల మీదే కాలు తడబడుతుంది. మీ బళ్లో, గుళ్లో, పంచాయతీ ఆఫీసులో మెట్లు కొలిచి, ఏవి ఎక్కేటప్పుడు ఇబ్బందో ముందు ఊహించి తర్వాత లెక్క చూడమనండి.

మూడోది కిటికీలు. మన జాతీయ బిల్డింగ్ కోడ్ ప్రకారం ఉక్కపోత ఉండే తీరప్రాంతంలో కిటికీల విస్తీర్ణం గది నేలలో కనీసం ఆరోవంతు ఉండాలి, తలుపులు కలపకుండా. అనంతపురం లాంటి పొడి వేడి చోట పదోవంతు చాలు. 20 అడుగులకు 20 ఉన్న తరగతి గదికి దాదాపు 67 చదరపు అడుగుల కిటికీ కావాలి. 4 అడుగులకు 4 కిటికీలు నాలుగున్నా 64 దగ్గరే ఆగుతుంది. మీ గదికి ఎంత ఉందో పిల్లలు చెప్పేసరికి హెడ్మాస్టరు కూడా తల పైకెత్తి చూస్తారు.

ఇక ప్లాను. పన్నెండేళ్ల పిల్లలకు పైనుంచి చూసినట్టు గీయడం కష్టం. గీయమంటే ఇంటి ముందు భాగమే గీస్తారు. చెప్పుల అట్టపెట్టెతో గది చేయించి, తలుపులు కిటికీలు కత్తిరించాక, కిటికీ మధ్య ఎత్తులో పెట్టెను అడ్డంగా కోయించండి, సొరకాయ కోసినట్టు. పై ముక్క తీసేసి కింది ముక్క అంచును కాగితం మీద ఆనించి గీస్తే వచ్చేదే ప్లాను. తలుపు దగ్గర ఖాళీ ఎందుకు వచ్చిందో ఎవరూ చెప్పక్కర్లేదు. ఇంకో పెట్టెను నిలువుగా కోస్తే సెక్షన్. ఇది చేయించకుండా గ్రాఫ్ పేపరు ఇవ్వొద్దు.

నల్లమల_నాని
అందరూ కొలవండి కొలవండి అంటున్నారు. ఆ వయసు పిల్లల్లో ఊహ ఉంటుంది. టేపు చేతికిస్తే అది చచ్చిపోతుంది. చెట్ల మీద ఊరు, నీళ్ల మీద బడి, అలాంటివి గీయనివ్వండి. కొలతలు ఇంజనీరింగ్‌లో ఎలాగూ నేర్పుతారు.

విశాఖ_ఆర్కిటెక్ట్_అక్క
నాని, టీచర్ గారు మొదటి పోస్టులోనే చెప్పారు చూడు. ఊహించమంటేనే అందరూ ఒకే పొగగొట్టం గీశారు. అది వాళ్ల ఊహ కాదు, డ్రాయింగ్ పుస్తకంలోది. కొలిచిన పిల్ల "మా వసారా ఇంకో రెండడుగులు ఉంటే తాతయ్య మంచం పడుతుంది" అంటుంది. అది పూర్తిగా ఆ పిల్లదే.

నల్లమల_నాని
ఆ మాట బాగుందక్కా. కానీ రెండూ ఉండాలంటాను. వారం వారం టేపే అయితే పిల్లలు పారిపోతారు.

మిషిగన్_అమ్మ
నాని గారు అడిగినట్టు రెండూ కలిపే పోటీ ఇక్కడ అమెరికాలో ఒకటుంది, ఫ్యూచర్ సిటీ అని. 1990ల మొదట్లో మిడిల్ స్కూలు పిల్లల కోసం మొదలైంది. జట్టుగా చేరి భవిష్యత్తులో ఒక నగరాన్ని ఊహించాలి. దాని మీద వ్యాసం రాయాలి, నమూనా కట్టాలి, జడ్జీల ముందు నిలబడి జవాబులు చెప్పాలి. నమూనా వాడేసిన వస్తువులతోనే చేయాలి, మొత్తం ఖర్చు 100 డాలర్లు దాటకూడదు. ప్రతి ఏడాదీ ఒక సమస్య ఇస్తారు. జట్టుకు ఒక టీచరు, వృత్తిలో ఉన్న ఒక ఇంజనీరు లాంటి మెంటర్ ఉంటారు. ఫైనల్స్ వాషింగ్టన్‌లో.

మా అమ్మాయి జట్టు పాత కీబోర్డు మీటలతో ఇళ్లు, షాంపూ మూతలతో నీళ్ల ట్యాంకులు చేసింది. నాకు బాగా నచ్చింది ఆ ఖర్చు పరిమితి. డబ్బున్న బడి, లేని బడి ఒకే చోట నిలబడతాయి. మన దగ్గర ఎవరు పెట్టినా ఆ నిబంధన తప్పకుండా పెట్టాలి. మురుగు ఎటు పోతుంది, కరెంటు ఎక్కణ్నుంచి వస్తుంది అని జడ్జీలు అడుగుతారు కాబట్టి ఎగిరే కార్లు గీసిన పిల్లలు కూడా డ్రైనేజీ గురించి చదవాల్సిందే.

లంకల_సోషల్_టీచర్
వాడేసిన వస్తువులే అనే నిబంధన రేపే పెడుతున్నాను మిషిగన్ అమ్మ గారూ. అట్టపెట్టెలు మా కిరాణా షాపులో ఉచితం.

సిక్కోలు_చిన్నోడు
మా శ్రీకాకుళం వైపు చుట్టిళ్లు గుర్తున్నాయా? గుండ్రటి మట్టిగోడ, మీద శంకువు ఆకారంలో కప్పు, చూరు దాదాపు నేల దాకా దిగుతుంది. గుండ్రంగా ఉంటే గాలి ఒక గోడ మీద నిలిచి తోయదు, చుట్టూ జారిపోతుంది. దీన్ని తరగతిలో చూపించొచ్చు. అట్టతో ఒక చుట్టిల్లు, అంతే ఎత్తున్న ఒక చదరపు ఇల్లు చేసి, వెనక గోడలకు సన్నని కాగితం ముక్కలు వేలాడదీసి స్టాండు ఫ్యాను ముందు పెట్టండి. కాగితాలు ఎలా కొట్టుకుంటాయో చూస్తే చాలు. 1977 దివిసీమ ఉప్పెన, 2014 హుద్‌హుద్, 2018 తిత్లీ గురించి సోషల్లో ఎలాగూ చెబుతారు కదా, తేదీలకు బదులు ఇది చేయించండి.

కూకట్‌పల్లి_కిరణ్
ఇదిగో, పాత ఇళ్లన్నీ గొప్పవి, స్లాబు ఇళ్లు చెడ్డవి అనే పాట మొదలవుతుంది ఇప్పుడు. తాటాకు మార్పించడానికి ఎంత ఖర్చో, వేసవిలో ఒక ఇల్లు అంటుకుంటే వాడకు వాడ ఎలా పోతుందో అందులో ఉన్నవాళ్లను అడగండి. మా అమ్మమ్మ స్లాబు పడిన రోజు వీధంతా స్వీట్లు పంచింది. పిల్లలకు ఆ ఆనందం తప్పని చెప్పకండి.

సిక్కోలు_చిన్నోడు
తప్పని ఎక్కడన్నాను కిరణ్ గారూ? మళ్లీ తాటాకు వేసుకోమనడం లేదు. గుండ్రంగా ఎందుకు కట్టారో తెలియాలి అంటున్నాను. మీ అమ్మమ్మ గారి మాట కూడా పాఠంలోకి రావాల్సిందే. ప్రతి పిల్లా ఇంట్లో పెద్దవాళ్లను రెండు అడగాలి: పాత ఇంట్లో ఏది బాగుండేది, ఏది మళ్లీ వద్దు?

పెంకుటింటి_మనవరాలు
మా మండువా ఇంటికి కూడా ఇదే ప్రశ్న వేస్తే నానమ్మ జవాబు తయారు. బాగుండేది: నడిమధ్య వాన పడుతుంటే నాలుగు వసారాల్లో కూర్చుని అందరూ ఒకళ్లకొకళ్లు కనిపించడం. వద్దనేది: కోడళ్లకు తలుపేసుకునే గది ఒక్కటీ లేకపోవడం. రెండోది ఏ పుస్తకంలోనూ ఉండదు.

ఈశాన్యం_ఈశ్వరయ్య
ఇంత చర్చలో వాస్తు మాట ఒక్కరూ ఎత్తలేదు. మన శాస్త్రం నేర్పకుండా ఇల్లు ఎలా నేర్పుతారు? ఈశాన్యం, ఆగ్నేయం పిల్లలకు ముందు తెలియాలి.

విశాఖ_ఆర్కిటెక్ట్_అక్క
దిక్కులు తెలియాలన్నది నిజం ఈశ్వరయ్య గారూ, అందులో మీతో నేనూ ఉన్నాను. కానీ నమ్మమని చెప్పేకంటే చూపించడం మేలు. గ్రౌండ్‌లో మూడడుగుల కర్ర నిలబెట్టి, గంట గంటకూ నీడ కొసన రాయి పెట్టించండి. బడి తెరిచిన జూన్, జూలైలో చేస్తే ఒక వింత కనిపిస్తుంది. మన గోదావరి ప్రాంతంలో అప్పుడు మిట్టమధ్యాహ్నం సూర్యుడు నెత్తికి కాస్త ఉత్తరంగా ఉంటాడు, నీడ దక్షిణానికి పడుతుంది. శీతాకాలంలో అదే నీడ ఉత్తరానికి చాలా పొడుగ్గా పోతుంది. సాయంత్రం ఎండ పడమటి గోడను ఎలా కాలుస్తుందో చెయ్యి పెట్టి చూస్తారు. వంటిల్లు ఎటు, పడక ఎటు అన్నది తర్వాత వాళ్లే మాట్లాడతారు.

ఈశాన్యం_ఈశ్వరయ్య
నీడ కర్ర మంచిదే. మా తాతగారు ఇంటి శంకుస్థాపనకు అదే చేసేవారు. ఇది చేయించండి టీచర్ గారూ.

ఓరుగల్లు_వాణి
మా దిక్కు పిల్లల్ని రామప్ప గుడికి తీసుకుపోతారు. ఎవరు కట్టించారు, ఎప్పుడు అని రాయించుకుని వాపసు తెస్తారు. 1213లో రేచర్ల రుద్రుడు, 2021లో యునెస్కో గుర్తింపు, అయిపోయింది. ఆ గుడి కింద పునాదిలో ఇసుక నింపిన సంగతి, శిఖరానికి నీళ్ల మీద తేలేంత తేలిక ఇటుకలు వాడిన సంగతి ఎందుకో ఆలోచింపజేస్తే కదా! ఒక పళ్లెంలో ఇసుక, ఇంకో పళ్లెం ఉత్తది, రెండింటి మీదా ఇటుకముక్కలు పేర్చి, భూకంపం వచ్చినట్టు బల్లను ఊపి చూడమనండి. పై బరువు తగ్గిస్తే ఏమవుతుందో కూడా అక్కడే చూడొచ్చు.

అనంతపురం_లెక్కల_మాస్టారు
బడి గోడలే పాఠం అయ్యే పద్ధతి ఒకటుంది, 'బాలా' అంటారు, భవనమే బోధనోపకరణం అన్న ఆలోచన. మన బళ్లలో కూడా కొన్నిచోట్ల చేశారు. తలుపు తెరుచుకునే నేల మీద కోణాలు గీస్తారు, తలుపు తోస్తే 30, 60, 90 కనిపిస్తాయి. కిటికీ ఊచల్లో ఆకారాలు, మెట్ల మీద సంఖ్యలు. చాలాచోట్ల పెయింటరుకు కాంట్రాక్టు ఇచ్చి రంగులేయించి వదిలేశారు. పిల్లల చేతే కొలిపించి గీయిస్తేనే దానికి ప్రాణం.

త్రిభుజం సంగతి మరిచిపోకండి. సైకిలు వాల్వ్ ట్యూబు ముక్కలు, అగ్గిపుల్లలు తీసుకుని కీళ్లు చేయించండి. పారేసే వస్తువులతో సైన్సు బొమ్మలు చేసే అరవింద్ గుప్తా ఎన్నో ఏళ్లుగా చూపిస్తున్న ఆట ఇది. చతురస్రం చేసి మూల నొక్కితే వాలిపోతుంది, త్రిభుజం కదలదు. తర్వాత సెల్ టవర్నీ, రేకుల షెడ్డు కప్పును మోసే ఇనప చట్రం ట్రస్‌నీ చూపించి త్రిభుజాలు లెక్కపెట్టమంటే బస్సులో ఇంటికి వెళ్తూ కూడా లెక్కపెడతారు.

ఏడోతరగతి_అమ్మ
మా బాబుకు ఇల్లు గీయడం ఇష్టం. ఇప్పుడే ఆర్కిటెక్చర్ ప్రవేశ పరీక్ష నాటా కోచింగ్‌లో చేర్పిస్తే ముందుంటాడా? కాస్త టెన్షన్‌గా ఉంది, మా పక్కింటివాళ్లు ఐఐటీ ఫౌండేషన్‌లో వేసేశారు.

విశాఖ_ఆర్కిటెక్ట్_అక్క
వద్దమ్మా. బీఆర్క్ అయిదేళ్ల కోర్సు. ఇంటర్లో లెక్కలు ఉండాలి, నాటా గానీ జేఈఈ రెండో పేపరు గానీ రాయాలి. హైదరాబాద్‌లో జేఎన్ఏఎఫ్ఏయూ (జవహర్లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ), విజయవాడలో ఎస్పీఏ (స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్) ఉన్నాయి. అదంతా ఇంటర్ నాటి మాట. ఇప్పుడు బాబుకు ఒక టేపు, గీతల్లేని పుస్తకం కొనివ్వండి. సెలవుల్లో వెళ్లిన ప్రతి చుట్టాలింటి ప్లానూ గీయమనండి. చుట్టాలకు కూడా సరదాగా ఉంటుంది.

లంకల_సోషల్_టీచర్
చెప్పినవాటిలో కొన్ని మొదలుపెట్టాం, జరిగింది రాస్తున్నాను.

సెంటు ఇల్లు ముగ్గు పోశాం. నాలుగు జట్లు, నాలుగు ఇళ్లు. మూడు జట్లు ముందు హాలు పెద్దదిగా వేసుకుని, చివరికి బాత్రూముకు జాగా లేక మళ్లీ చెరిపాయి. నాలుగో జట్టులో ఒకమ్మాయి "మా నాయనమ్మ రోజంతా వీధిలోకి చూస్తూ కూర్చుంటుంది, ఆవిడకు చోటేది?" అని అడిగింది. ఆ జట్టు గదిలోంచి రెండడుగులు కోసి ముందు అరుగు పెట్టింది. మిగతా మూడు జట్లూ వచ్చి ఆ అరుగు మీద కూర్చున్నాయి, అంటే ముగ్గు గీత మీద!

తర్వాత ఊరి నడక. డ్రాయింగ్ షీటు మీద వీధులు గీసి బొట్టు బిళ్లలు ఇచ్చాను. నచ్చిన చోట ఆకుపచ్చ, భయమేసే చోట ఎరుపు, నీళ్లు నిలిచే చోట నీలం. ఆడపిల్లలు ఒక షీటు, మగపిల్లలు ఒక షీటు. నీలం బిళ్లలు రెండింట్లోనూ ఒకే చోట పడ్డాయి. మిగతావి పడలేదు. మగపిల్లలకు రచ్చబండ, క్రికెట్ ఆడే చేను, చెరువుగట్టు అన్నీ ఆకుపచ్చ. ఆడపిల్లల షీటులో బడి, గుడి, ఇల్లు, స్నేహితురాలి ఇల్లు, అంతే. రచ్చబండ మీద ఎరుపు. "అక్కడ మగవాళ్లు కూర్చుంటారు మేడమ్, మేం తల దించుకుని స్పీడుగా వెళ్లిపోతాం." రోజూ ఆ దారినే బడికి వస్తున్నాను, ఈ షీటు చూసేదాకా ఎవరూ నాకు ఈ మాట చెప్పలేదు. దీన్ని ఏం చేయాలి ఇప్పుడు?

పెంకుటింటి_మనవరాలు
చదువుతుంటే మా ఊరు కళ్ల ముందు కదిలింది. మేమూ అంతే. బడి అయ్యాక నిలబడి రెండు మాటలు చెప్పుకోవడానికి కుళాయి దగ్గర తప్ప చోటుండేది కాదు.

డాన్యూబ్_గట్టు
నేనుండే వియన్నాలో దీని మీద 1990లలోనే పరిశీలన జరిగింది. తొమ్మిది, పదేళ్లు దాటాక ఆడపిల్లలు పార్కులకు రావడం బాగా తగ్గిపోతోందని గమనించారు. మధ్యలో ఒకటే పెద్ద మైదానం ఉంటే దాన్ని మగపిల్లలు పట్టుకుంటారు, అడగడం కంటే వెళ్లిపోవడం తేలికని ఆడపిల్లలు తప్పుకుంటారు. తర్వాత రెండు పార్కుల్ని మార్చారు. మైదానాన్ని చిన్న చిన్న జాగాలుగా విడగొట్టారు, దారులు పెంచారు, వాలీబాల్, బ్యాడ్మింటన్‌కు చోటిచ్చారు. ఆడపిల్లలు మళ్లీ వచ్చారు. మీ పిల్లలు బొట్టు బిళ్లలతో కనిపెట్టింది అదే.

విశ్రాంత_హెడ్మాస్టర్
టీచరమ్మా, నీ ఉత్సాహం చూస్తే ముచ్చటగా ఉంది. ఒక పెద్దవాడిగా హెచ్చరిక. మా బడి పిల్లలు ఒకసారి వీధి కాలువ గురించి మ్యాపు గీసి, అర్జీ రాసి ఇచ్చారు. తీసుకున్నవాళ్లు ఫొటో దిగారు, పేపర్లో వచ్చింది. కాలువ అలాగే ఉంది. మరుసటి ఏడాది ఇంకో అర్జీ రాద్దామంటే పిల్లలు "ఎందుకు సార్?" అన్నారు. పన్నెండేళ్లకే ఆ మాట రావడం చాలా చెడ్డది. ఆశ పెట్టే ముందు ఆలోచించు.

బాలసభ_భారతి
మాస్టారూ, ఆ ఫొటో జబ్బుకు ఎప్పుడో పేరు పెట్టారు. రోజర్ హార్ట్ అని పిల్లల భాగస్వామ్యం మీద పనిచేసిన ఆయన 1992లో ఎనిమిది మెట్ల నిచ్చెన ఒకటి గీశారు. కింది మూడు మెట్లూ పిల్లల్ని వాడుకోవడం, అలంకారంగా నిలబెట్టడం, నామమాత్రంగా పిలవడం. అవి భాగస్వామ్యమే కాదన్నారు. అక్కడ ఆగితే మీరన్నట్టే జరుగుతుంది. మొత్తానికే వద్దంటే మాత్రం ఒప్పుకోను. పక్కన కర్ణాటకలో పిల్లల గ్రామసభలు, మక్కళ గ్రామసభ అని, పెడుతున్నారు. పిల్లలు అడుగుతారు, పంచాయతీవాళ్లు అక్కడే జవాబు చెప్పాలి.

విశ్రాంత_హెడ్మాస్టర్
జవాబు చెప్పడం అన్నది ముఖ్యం. "కుదరదు, ఇందుకు కుదరదు" అని చెప్పినా పిల్లలు తట్టుకుంటారు. మౌనాన్ని తట్టుకోలేరు.

మేస్త్రీ_గారబ్బాయి
అయితే అడిగే పనుల్ని మూడు కాగితాల మీద రాయించండి. మొదటి కాగితం, రేపే మనం చేయగలిగినవి: బల్లలు జరపడం, చెట్టు చుట్టూ ఇటుకలు పేర్చి కూర్చునే గట్టు, పాదులు. రెండోది, బడి యాజమాన్య కమిటీ చేయగలిగినవి: ర్యాంపు, కుళాయిల ఎత్తు, గేటు తీసే వేళ. మూడోది, పంచాయతీవి: వీధిదీపం, కాలువ, బస్టాపు. మొదటి కాగితంలో పని జరిగితే మూడో కాగితం కోసం ఆగే ఓపిక వస్తుంది.

ర్యాంపు లెక్క పిల్లలకు భలే ఉంటుంది. చక్రాల కుర్చీకి పన్నెండుకు ఒకటి వాలు ఉండాలి. ఆరంగుళాల మెట్లు మూడుంటే 18 అంగుళాల ఎత్తు, ర్యాంపు 18 అడుగుల పొడుగు రావాలి. చాలా బళ్లలో ఆరడుగుల్లో కట్టేసి చేతులు దులుపుకుంటారు. ఆ వాలు మీద కుర్చీని తోయడం పెద్దవాళ్లకే కష్టం.

బాలసభ_భారతి
మూడు కాగితాలు చాలా బాగుంది, నేనూ వాడతాను. మూడో కాగితాన్ని అక్టోబరు 2 గ్రామసభకు తీసుకెళ్లండి. పంచాయతీ అభివృద్ధి ప్రణాళిక తయారయ్యే రోజులవి, అప్పుడు అడిగితే పద్దులో ఎక్కే వీలుంటుంది. ఇంకో మాట: చదివేది ఆడపిల్లలే కావాలి, రచ్చబండ సంగతి మగవాళ్ల తప్పుగా కాకుండా "మాకూ ఒక చోటు కావాలి" అని అడగాలి. లేకపోతే ఇంటికెళ్లాక ఆ పిల్లలకు తిట్లు పడతాయి.

లంకల_సోషల్_టీచర్
ఆ చివరి మాట నాకు చాలా అవసరమైంది భారతి గారూ. ముందు తల్లులతో మాట్లాడతాను.

కూకట్‌పల్లి_కిరణ్
పల్లెటూరికి సరే, మా అపార్ట్‌మెంట్ల సంగతేంటి? సెల్లారంతా కార్లు, టెర్రస్‌కు తాళం. పిల్లలు లిఫ్ట్ దగ్గర ఆడుతుంటే వాచ్‌మన్ తరుముతాడు. మా పిల్లలకు కొలవడానికి కారు పార్కింగ్ గీతలు తప్ప ఏమున్నాయి?

డాన్యూబ్_గట్టు
ఆ గీతలే కొలిపించండి. కారుకు ఎన్ని చదరపు అడుగులు, పిల్లకు ఎన్ని? అసోసియేషన్ మీటింగులో ఆ రెండు అంకెలూ పెట్టండి. ఆమ్‌స్టర్‌డామ్‌లో రెండో ప్రపంచ యుద్ధం తర్వాత పెద్ద పార్కులకు స్థలం లేకపోతే ఆల్డో వాన్ ఐక్ అనే ఆర్కిటెక్ట్ 1947 నుంచి మూల జాగాల్లో, ఇళ్ల మధ్య ఖాళీల్లో ఆటస్థలాలు పెట్టుకుంటూ పోయారు. ఇసుక గుంట, దూకే రాళ్లు, ఎక్కే ఇనప కమ్ములు, అంతే. అలా వందల కొద్దీ వచ్చాయి.

నల్లమల_నాని
నగరం పిల్లలకు దిమ్మలు పేర్చి ఏదైనా కట్టే కంప్యూటర్ ఆట మైన్‌క్రాఫ్ట్ ఉంది కదా. ఐక్యరాజ్యసమితిలో ఊళ్లు, ఇళ్ల సంగతి చూసే హాబిటాట్ వాళ్లు 2012 నుంచి దాంతోనే చాలా దేశాల్లో వీధులు, పార్కులు జనం చేత డిజైన్ చేయిస్తున్నారు. నేపాల్ కీర్తిపూర్‌లో ఒక పాత చెరువు చుట్టుపక్కల చోటుకు అలాగే చేశారు. మ్యాపు చదవడం రాని పిల్లవాడికి కూడా అందులో తన వీధి అర్థమవుతుంది.

కూకట్‌పల్లి_కిరణ్
ఇది మా అబ్బాయికి చెప్పొద్దు నానీ, రాత్రంతా "డాడీ, సెల్లార్ డిజైన్ చేస్తున్నా" అంటాడు. పార్కింగ్ లెక్క మాత్రం ఈ ఆదివారమే చేయిస్తా. వాచ్‌మన్‌ను కూడా జట్టులో వేసుకుంటే మంచిది, ఏ కారు ఎన్నాళ్లుగా కదల్లేదో ఆయనకే తెలుసు.

విశాఖ_ఆర్కిటెక్ట్_అక్క
టీచర్ గారూ, చెట్టు గట్టుకు ఇటుకలు తెప్పిస్తే కట్టే ముందు ఒక పూట సిమెంటు లేకుండా పేర్చించండి, మోకాలి ఎత్తు దాటకుండా. జాయింటు మీద జాయింటు వస్తే గోడ ఎలా విడిపోతుందో తోసి చూస్తారు. ఇటుకలు పక్కకు నిలబెట్టి మధ్యలో బోలు వదిలే ర్యాట్‌ట్రాప్ కట్టు కూడా చూపించండి. కేరళలో తక్కువ ఖర్చు ఇళ్లకు పేరుపడ్డ ఆర్కిటెక్ట్ లారీ బేకర్ అదే పద్ధతిలో ఎన్నో ఇళ్లు కట్టారు. మామూలు గోడ కంటే దాదాపు పావు వంతు ఇటుకలు మిగులుతాయి. రెండు గోడలకూ ఎన్నెన్ని పట్టాయో పిల్లలు లెక్కపెట్టాలి.

లంకల_సోషల్_టీచర్
మా ఊళ్లో ఒక తాపీమేస్త్రీ కూతురు ఏడో తరగతిలోనే ఉంది. వాళ్ల నాన్నను పాఠం చెప్పడానికి రమ్మన్నాను. "నేనేం చెప్తానండీ, చదువుకోలేదు" అంటున్నారు. ఆ పిల్ల మాత్రం ఇప్పటినుంచే చాలా సంబరపడుతోంది. గ్రౌండ్‌లో నీళ్లు నిలిచే చోటు గురించి ఆయనతో ఏం చేయించొచ్చు?

మేస్త్రీ_గారబ్బాయి
ఆయన్ను పాఠం అని పిలవకండి, "గ్రౌండ్ లెవల్ చూసిపెట్టండి" అని పిలవండి, పరిగెత్తుకొస్తారు. లెవల్ ట్యూబు ఆయన దగ్గరే ఉంటుంది. లేకపోతే హార్డ్‌వేర్ షాపులో తెల్ల ట్యూబు మీటర్ల లెక్కన ఇస్తారు. నీళ్లు నింపి రెండు కొసలు ఇద్దరు పిల్లలకు ఇవ్వండి, నీళ్లు రెండువైపులా ఒకే మట్టానికి ఆగుతాయి. నేల నుంచి ఆ మట్టం దాకా కర్రతో కొలిస్తే ఎక్కడ ఎంత పల్లమో తేలుతుంది. అయిదడుగులకు ఒకటి చొప్పున గళ్లు గీసి ప్రతి గడిలోనూ అంకె రాయిస్తే అదే మీ గ్రౌండ్ మ్యాపు.

లంకల_సోషల్_టీచర్
శనివారం వాన పడితే?

మేస్త్రీ_గారబ్బాయి
ఇంకా మంచిది. గొడుగులేసుకుని నీళ్లు ఎటు పారుతున్నాయో చూసి రాళ్లు పెట్టించండి, ట్యూబు పని వసారాలో నేర్చుకోండి. ట్యూబులో గాలి బుడగలు లేకుండా చూడండి, బుడగ ఉంటే మట్టం తప్పు చూపిస్తుంది. నీళ్లలో కాస్త నీలిమందు కలపండి, చివరి బెంచీ పిల్లలకు కూడా కనిపిస్తుంది.